పిల్లి బాబాయి

మా బాబాయికి ఒకటే దురలవాటు. పక్కవాళ్ళ కంచంలో చేప ముక్క కనిపిస్తే చెయ్యి ఆగదు. దేవుడు మనిషికి రెండు చేతులిచ్చింది ఒకటి తన కంచానికి, రెండోది పక్క కంచానికి అని ఆయన నమ్మకం కాబోలు. ఇంటిల్లిపాదీ ఆయన్ని పిల్లి బాబాయి అనేవాళ్ళం.

పైగా ఆయన ఉద్యోగం చేపల పరీక్షశాలలో. సముద్రపు చేపల కండ గోరంత కోసి, అందులో పాదరసం ఎంత ఉంది, సెలీనియం ఎంత ఉంది అని చూడటమే పని. "పొద్దస్తమానం చేపలతోనే కాపురం, అయినా ఆశ చావదు" అని అమ్మ విసుక్కునేది.

చిన్న చేపల జోలికి మాత్రం వచ్చేవాడు కాదు. పెద్ద చేప వండిన రోజే, "అదిగో కాకి" అని కిటికీ చూపించేవాడు. పిల్లలం అటు తిరిగి ఇటు తిరిగేసరికి ముక్క మాయం. ఎన్నిసార్లు మోసపోయినా మళ్ళీ తిరిగేవాళ్ళం.

నాన్నమ్మ బాధ వేరు. "ఊరందరి కంచాల్లోనూ చెయ్యి పెడతావు. కన్నతల్లి కంచం ఆనదట్రా నీ కంటికి?"

"నువ్వు తినమ్మా. నీకేం కాదులే ఇక."

"ఇక అంటే ఏవిట్రా?"

ఈమధ్య మా చెల్లెలు నెల తప్పింది. ఏది తిన్నా కక్కుకుంటున్న పిల్ల, సొరచేప తినాలనుందని నోరు తెరిచి అడిగింది. బావ గుమ్మంలో పట్టనంత సొరను మోసుకొచ్చాడు. అందరం భోజనాలకు కూర్చున్నాం.

"అదిగో కాకి" అన్నాడు బాబాయి.

"నేనింకా చిన్నపిల్లననుకున్నావా బాబాయ్" అంది చెల్లెలు, తల తిప్పకుండా.

బాబాయి ఏకంగా కంచమే లాక్కున్నాడు. చెల్లెలు బావురుమంది. "కడుపుతో ఉన్నదాని నోటి దగ్గర కూడు లాగుతారా?" అని బావ లేచి నిలబడ్డాడు.

అప్పుడు నోరు విప్పింది పిన్ని. "ఆయనకసలు చేప పడదు బాబూ. ఇక్కడ తిన్నప్పుడల్లా ఇంటికొచ్చి నిమ్మచెక్క చీకుతూ కూర్చుంటారు."

అందరి చేతులూ ఆగిపోయాయి. బాబాయి నేరం దొరికిపోయినట్టు తల గోక్కున్నాడు.

"పెద్ద చేప బతికినన్నాళ్ళూ చిన్నవాటిని మింగుతుంది. వాటిలోని పాదరసమంతా దీని కండలో చేరుతుంది. సెలీనియం దానికి కాస్త ముకుతాడు వేస్తుందిగానీ, ఇంత సొరలో అదేం చాలుతుంది? కడుపులో బిడ్డకు, పసిపిల్లలకు మంచిది కాదు."

"ఆ ముక్క ముందే చెప్పొచ్చుగా?" అన్నాడు బావ.

"ఒకసారి చెప్పాను. అందరూ ఆవలించి ఇంకో ముక్క వేసుకున్నారు. లాక్కుంటే తిడతారుగానీ, తినరు కదా."

సంచిలోంచి డబ్బా తీసి చెల్లెలి ముందు పెట్టాడు. నిండా వేలెడంత చేపలు, పిన్ని వండినవి. "ఇవి తినమ్మా. ఈ రకమే నిన్న పరీక్ష చేశాను. పాపం, ఎవర్నీ మింగేంత బతకలేదు ఇవి."

చెల్లెలు కళ్ళు తుడుచుకుని ఒకటి నోట్లో వేసుకుంది. కడుపులో నిలిచింది. ఇంకొకటి తీసుకుంది. బాబాయి నిట్టూర్చి, తాను లాక్కున్న కంచం వైపు చూశాడు.

"ఒరేయ్, అదిగో కాకి" అంది నాన్నమ్మ.

బాబాయి కిటికీ వైపు తిరిగాడు. మళ్ళీ ఇటు చూసేసరికి సొర ముక్కలన్నీ నాన్నమ్మ కంచంలో ఉన్నాయి.

"నాకేం కాదుగా ఇక" అంది నాన్నమ్మ, నములుతూ.