పట్టు జాకెట్టు మీద విచారణ

ఉద్యోగ విరమణకు మూడేళ్ళ ముందు, ఒక జులైలో, కెల్లీవిల్‌కు దగ్గర్లో చర్చి వాళ్ళు నడిపే వృద్ధుల నివాసానికి నన్ను క్వాలిటీ మేనేజరుగా వేశారు. నియమాలు అమలవుతున్నాయో లేదో చూడడం, కాకపోతే కాగితం మీద పెట్టడం నా పని. ఆ భవనం భక్తుల విరాళాలతో లేచింది. అందుకని కానుకల విషయంలో అక్కడ మహా పట్టింపు. నివాసుల దగ్గర సిబ్బంది చాక్లెట్టుకు మించి ఏది తీసుకున్నా రిజిస్టరులో రాయాలి, కమిటీ విచారించాలి. కొత్త హోదా నాకు కొంచెం తలకెక్కింది. కొంచెమేమిటి, బాగానే ఎక్కింది.

సుభద్రమ్మ గారని తెనాలి వైపు ఆవిడ, ఎనభై ఆరేళ్ళు, అక్కడ ఉండేవారు. ఆవిడకు స్నానం, తిండి, మందులు చూసే కేరర్ సుజాతది వరంగల్. స్పాన్సర్ వీసా మీద ఉంది. ఉద్యోగం పోతే వీసా కూడా పోయినట్టే. డ్యూటీ అయిపోయాక కూడా కూర్చుని, పెద్దావిడ తలకు నూనె రాసి జడ వేసి మరీ వెళ్ళేది. ఆ అరగంటకు జీతం లేదు, తను అడిగిందీ లేదు.

ఒక శ్రావణ శుక్రవారం సుభద్రమ్మ గారు సుజాతకు బొట్టు పెట్టి, పండూ జాకెట్టు ముక్కా చేతికివ్వడం నా కంటపడింది. సాటి తెలుగువాళ్ళకైనా మినహాయింపు ఇవ్వనని నిరూపించుకోవడానికి ఇంతకంటే మంచి అవకాశం ఏముంటుంది? వెంటనే ఫారం నింపాను. వస్తువు పేరు ఇంగ్లీషులో ‘సిల్క్ జాకెట్’ అని రాశాను. చలికి వేసుకునే జాకెట్టూ, చీర మీది జాకెట్టూ ఈ దేశం వచ్చిన ముప్ఫై ఏళ్ళుగా నా బుర్రలో వేర్వేరు అరల్లో ఉన్నాయి. ఒకదాని సంగతి ఒకదానికి తెలియదు.

ఫారం కమిటీ ముందుకు వెళ్ళేసరికి రెండు వారాలు పట్టింది. ‘ఖరీదైన దుస్తులు’ కాబట్టి, వస్తువు తెచ్చి చూపించేదాకా సుజాతను పనికి రావద్దన్నారు. ఇంత కఠినమా అని నాకూ అనిపించింది. అయినా నియమం నియమమేనని గంభీరంగా తలూపాను.

ఆ ముక్క తెచ్చిస్తే తేలిపోతుందని సుజాతకు చెప్పాను. ఎవరికో పెట్టేశానంది. ఎవరికంటే మాట్లాడదు. మూడోసారి అడిగేటప్పుడు నా గొంతు పెరిగింది.

“మేడం మా ఇంటికి వరలక్ష్మి పేరంటానికొచ్చిర్రు గద సార్. ఆ తాంబూలంల పెట్టిన. అది మీ ఇంట్లనే ఉంది,” అంది.

నా పేరు బయటికొస్తే నా ఉద్యోగానికి ఇబ్బందని అప్పటిదాకా నోరు విప్పలేదట. సిగ్గుతో చచ్చిపోయాను. ఇంటికెళ్ళి అడిగితే మా ఆవిడ బీరువాలోంచి తీసింది. ఆకుపచ్చది, మడత కూడా విప్పలేదు. ఇంకెవరికైనా పెడదామని పక్కన ఉంచిందట. పైగా అది పట్టు కాదు, పాలిస్టరని తేల్చింది. ఆ పేరంటం నుంచి వచ్చిన పులిహోర రెండుసార్లు వడ్డించుకున్నది ఎవరో కూడా గుర్తుచేసింది.

కమిటీ అధ్యక్షురాలు మార్గరెట్ రిటైరైన టీచరు. ఆవిడ ఆ గుడ్డను విప్పి, అటూ ఇటూ తిప్పి, దీనికి చేతులెక్కడని అడిగింది. వాళ్ళు ఇన్నాళ్ళూ ఊహించుకున్నది పట్టు కోటని అప్పుడు అర్థమైంది నాకు. మేము రవికెను జాకెట్టంటామనీ, ఇది ఇంకా కుట్టని గుడ్డనీ, బొట్టు పెట్టి ఇస్తే కాదనకూడదనీ, ఇలా చేతులు మారుతూనే ఉంటుందనీ చెప్పుకొచ్చాను. రిజిస్టరులో సుజాత పేరు కింద నా పేరు నేనే రాశాను. కేసు కొట్టేశారు. నాకు మాత్రం సాంస్కృతిక అవగాహన మీద ఒకరోజు శిక్షణ వేశారు. అందులో భారతీయ ఆచారాల గురించి గంటసేపు విని, నోట్సు కూడా రాసుకున్నాను.

సుజాత మర్నాడే పనిలోకి వచ్చింది. తను పనికి దూరమైన ఆ తొమ్మిది రోజులూ సుభద్రమ్మ గారు ఇంకెవర్నీ తల మీద చెయ్యి వెయ్యనివ్వలేదని తెలిసి, క్షమాపణ చెప్పడానికి వెళ్ళాను. జుట్టు చిక్కుపడి అట్టలు కట్టింది.

“ఇచ్చింది నేను కదా బాబూ. నన్నొక్క మాట అడగలేదేం?” అన్నారు.

నా ఆఫీసు నుంచి ఆ గదికి ఇరవై అడుగులు. ఇద్దరిదీ తెలుగే. ఇచ్చిన మనిషి ఏమన్నారో రాయడానికి ఫారంలో చోటు లేదు, అడగాలని నాకూ తోచలేదు. ఆ తర్వాత రిటైరయ్యేదాకా, ఏ విషయం నా దాకా వచ్చినా ముందు నివాసి గదికి వెళ్ళి అడిగాకే కలం తీశాను. చాలాసార్లు తీయాల్సిన అవసరమే పడలేదు.