కాల్లో నీరు

వేపాకు వేసి కాచిన నీళ్ల వాసన తగిలితే ఇప్పటికీ మా మామ్మ కుడికాలే గుర్తొస్తుంది. డుంబ్రిగుడ సంతలో మేము ఉప్పు అమ్మేవాళ్లం. ఆ కాలు ఏటికేడు లావెక్కి, మామ్మ సంతదాకా కూడా నడవలేకపోయింది. ఆసుపత్రికి వెళ్లాలంటే ఎడ్లబండి మీద రెండు రోజులు కొండ దిగాలి.

"కాలికి నీరు పట్టేసింది" అని అమ్మ అందరికీ చెప్పేది. తాగిన నీళ్లే కాల్లోకి దిగుతున్నాయనుకుని, నేను మామ్మ మంచం పక్కనున్న చెంబు రోజూ పారబోసేదాన్ని. మామ్మ చూసి కూడా ఏమీ అనేది కాదు. ఎండిన పెదాలు నాలుకతో తడుపుకునేది.

ఒక సంతరోజు, చింతపండు తెచ్చే కొండ ముసలామె మా ఇంటికొచ్చి మామ్మ కాలు వేపనీళ్లతో కడిగి, వేళ్ల దగ్గర్నుంచి మోకాలిదాకా పాతచీర పేలికలు చుట్టింది. అంతలో నేను పారబోద్దామని చెంబెత్తాను.

"ఏటి సేత్తన్నావు గుంటా?" అందామె.

చెప్పాను.

"కాల్లో నీరు వేరు, తాగే నీరు వేరు. తాగనియ్యి."

"నిజమేనేటి?" అని మామ్మ ఆమెను రెండుసార్లు అడిగింది. తర్వాత నా చేతిలోని చెంబు లాక్కుని గడగడా తాగేసింది.

నా మీది ముద్దుకొద్దీ ఊరుకుందనుకున్నాను అన్నాళ్లూ. మామ్మ కూడా అప్పటిదాకా నాలాగే నమ్మింది.