ముందు గదికి ఏ పచ్చ?

అరవైల్లో మేము బోధన్‌లో ఉండేవాళ్లం. మా ఆయనకు చక్కెర ఫ్యాక్టరీలో పని. ఇంటికి ముందు ఒక గది కట్టించాం. సున్నం వేయడానికి వచ్చినతను ఏ రంగు కలపాలని అడిగితే "పచ్చది" అన్నాను. మధ్యాహ్నం వచ్చి చూస్తే ఒక గోడంతా పసుపు రంగు. నేననుకున్నది చెరుకు మొలకల లేత ఆకుపచ్చ.

మా అత్త మాత్రం మురిసిపోయింది. ఆమె పుట్టిల్లు పసుపు బాగా పండే వేల్పూర్.

"గిదే మంచిగున్నది. పసుపు ఆరబోసిన కల్లం లెక్క" అంది.

నాకు మాత్రం ఆకుపచ్చే కావాలి. లోపలికి వెళ్లి చీర డబ్బా అట్టమూత తీసి, దాని మీద గంజితో ఒక్కొక్కటీ అతికించాను. లేత చెరుకాకు ముక్క, పర్దాకని దర్జీ ఇచ్చిన తెల్ల గుడ్డ పీలిక, చాప పుల్లలు, వారపత్రికలో కత్తిరించిన కిటికీ బొమ్మ. అత్త వచ్చి నిలబడింది.

"గిదేందే?"

"ముందటి అర్ర గిట్లుంటే మంచిగుంటదనిపించింది, అత్తమ్మా."

ఆమె అట్టను చేతిలోకి తీసుకుని అటూ ఇటూ తిప్పి చూసింది. తిడుతుందేమో అనుకున్నాను. ఆమె వెళ్లి, తన పాత చీర నుంచి పసుపు రంగు ముక్క కత్తిరించుకుని వచ్చింది.

"గిది గూడ పెట్టు. నా రంగు లేని అర్రల నేనెట్ల కూసుంట?"

నాకు నవ్వాగలేదు. ఆమెకూ ఆగలేదు. ఆ ముక్కను ఆకు పక్కన పెట్టి చూశాం, కిటికీ కింద పెట్టి చూశాం. చివరికి ఆమే తేల్చింది.

"గోడలు నీయి, పర్దా నాది."

మా ఆయన డ్యూటీ దిగి వచ్చేసరికి ఇద్దరం నేల మీద కూర్చుని ఉన్నాం.

"ఏం ఆడుతుండ్రు?" అన్నాడు.

"ఆట కాదు, అర్రను తయారు చేస్తున్నం" అంది అత్త.

మర్నాడు రంగులతను అట్ట చూసి, "నిన్ననే గిది సూపిస్తే అయిపోతుండె గదమ్మా" అని, ఆకు పక్కన పెట్టి చూసుకుంటూ రంగు కలిపాడు. గోడలు ఆరాక పసుపు పర్దా కట్టాం. గాలికి అది ఊగినప్పుడల్లా గదిలోకి ఎండ వచ్చినట్టుండేది. అత్త చాప పరుచుకుని కూర్చుని, అన్నం కూడా అక్కడికే తెమ్మంది.

పక్కింటావిడ వచ్చి చూసి, ఎవరు చేశారని అడిగింది.

"మేమిద్దరం" అంది అత్త వెంటనే.

ఆవిడ తన ఇంటికీ చేసిపెట్టమంది. తర్వాతి మధ్యాహ్నం అత్త నాకంటే ముందు చెప్పులేసుకుంది. ఆ ఇంటికి ఏ రంగు నప్పుతుందో దారి పొడవునా చెబుతూనే ఉంది.