మూడోసారికి ముందు

మా అల్లుడి గొంతు గురించి చెబితే మీరు నమ్మరు. నమ్మకపోయినా చెబుతాను. కూరగాయల టోకు మార్కెట్లో వేలం వేయడం అతని పని. తెల్లవారుజామున రేకుల షెడ్డులో ఓ పెట్టె మీదికెక్కి ధర అరిచాడంటే బయట రోడ్డు మీద లారీ హారన్లు సిగ్గుపడి ఊరుకునేవి. ఒకసారి వేలం మధ్యలో తుమ్ము ఆపుకోలేక తుమ్మితే, ఆ తుమ్ముకే ఒక క్యాబేజీ గుట్ట అమ్ముడుపోయిందట. ఎవరు కొన్నారో మాత్రం ఇప్పటిదాకా తేలలేదు. మార్కెట్లో అతని అసలు పేరు ఎవరికీ తెలియదు. అందరికీ ‘మైకు’.

వేలంలో సందు ఉండకూడదంటాడు. ఆకుకూర వాడిపోతుంది, టమాటా మెత్తబడుతుంది, వెనక ఇంకో బండి సరుకు దింపడానికి నిలబడి ఉంటుంది. ఒక ధర పలికాక ఎవరూ నోరెత్తకపోతే ‘ఒకటోసారి, రెండోసారి, మూడోసారి’ అని ఒకే గుక్కలో అనేసి, చేతిలోని కర్రతో పెట్టె మీద కొట్టేస్తాడు. కర్ర దెబ్బ పడ్డాక దేవుడు దిగొచ్చినా బేరం తిరగదు.

అంతటి నోరున్న మనిషికి పుట్టిన కొడుకు మాట్లాడలేదు.

మా బుడ్డోడు రెండేళ్లు నిండి మూడో ఏట పడ్డాడు. నవ్వుతాడు, పరిగెత్తుతాడు, నా కళ్లజోడు తీసుకెళ్లి చెప్పులో దాస్తాడు. మాటలు మాత్రం రెండే. ఒకటి ‘అమ్మ’, రెండోది ‘ఊఁ’. ఆ రెండోదాన్ని మాటల్లో కలపాలా వద్దా అని ఇంట్లో తగాదా. ఏది కావాలన్నా వేలు చూపించేవాడు. మా అమ్మాయి రైల్వే టికెట్ కౌంటర్లో పనిచేస్తుంది. మధ్యాహ్నం అల్లుడు మార్కెట్ నుంచి రాగానే ఆమె డ్యూటీకి వెళుతుంది. అప్పటినుంచి పిల్లవాడి తిండి, స్నానం, ఆట, నిద్ర అన్నీ తండ్రివే. నేనూ ఇంట్లోనే ఉంటాను కానీ, నన్ను మనుషుల్లో ఎవరూ లెక్కవేయరు.

ఒకరోజు మా అమ్మాయి బయలుదేరబోతూ గుమ్మంలోనే ఆగిపోయింది. లోపల అల్లుడు రెండు చొక్కాలు చేత్తో పట్టుకుని కొడుకు ముందు నిలబడ్డాడు.

“ఎర్రదా, నీలందా? ఎర్రది బాగుంటుంది. ఎర్రదేనా? ఎర్రది ఒకటోసారి, ఎర్రది రెండోసారి, మూడోసారి! ఎర్రదే!”

అనడం, పిల్లవాడి తలకు తొడిగేయడం రెండూ ఒకేసారి జరిగిపోయాయి. బుడ్డోడు అప్పటికి నీలం చొక్కా వైపు చెయ్యి సగం ఎత్తాడు. ఆ చెయ్యి ఎర్ర చొక్కా చేతిలోంచి బయటికొచ్చింది.

“ఏమండీ, వాడు మీ గిరాకీ కాదు, కొడుకు,” అంది మా అమ్మాయి.

“నేనేం చేశానే?”

“వాణ్ణి అడిగారు, వాడి తరఫున మీరే చెప్పారు, వాడికే అమ్మేశారు. ఇక వాడికి నోరెందుకు?”

అల్లుడు నవ్వేశాడు. ఆమె నవ్వలేదు. ఆ సాయంత్రమంతా అతనూ నవ్వలేదు. వాడు నిద్రపోయాక నా పక్కన కూర్చుని, “మామయ్యా, వీడికి ఎప్పటికీ మాటలు రాకపోతే?” అన్నాడు. ‘మైకు’ గొంతు అంత చిన్నగా రావడం నేను వినడం అదే మొదటిసారి.

చుట్టుపక్కలవాళ్లు తలో మాటా అన్నారు. మగపిల్లలకు ఆలస్యమేనంది పక్కింటావిడ. మా తమ్ముడైతే, “మీ మామా అల్లుళ్లిద్దరూ కలిసి ఈ ఇంటికి రావలసిన మాటలన్నీ వాడేశారు, వాడి వాటాకు ఏం మిగల్లేదు,” అన్నాడు. అల్లుడు ఎవరితోనూ వాదించలేదు. మర్నాడు మార్కెట్‌కు సెలవు పెట్టి, పిల్లవాణ్ణి భుజానికెత్తుకుని మాటల డాక్టరమ్మ దగ్గరికి బయలుదేరాడు. నేను వెంటపడ్డాను.

ఆవిడ ముందు చెవుల పరీక్ష చేయించింది. చిన్నపిల్లల తండ్రులెవరైనా ఇది చదువుతుంటే అన్నిటికంటే ముందు ఆ పని చేయండి. ‘అదే వస్తుందిలే’ అని ఊరుకోకండి. వినికిడి శుభ్రంగా ఉంది. తర్వాత ఆవిడ అల్లుణ్ణి పిల్లవాడితో ఆడుకోమని, మూలన కూర్చుని చూసింది. అతను రెచ్చిపోయాడు. “ఇదేంటి? బంతి! ఇదేంటి? కారు! కారు ఏ రంగు? పసుపు! భలే!” ప్రశ్నా అతనిదే, జవాబూ అతనిదే, మెప్పూ అతనిదే. పిల్లవాడు సినిమా చూస్తున్నట్టు నోరు తెరిచి చూస్తున్నాడు.

“బాబుకు చాలా అర్థమవుతోంది. కానీ వాడి వంతు రావడం లేదండీ,” అంది ఆవిడ. “కింద కూర్చోండి. మీ మొహం వాడి మొహానికి ఎదురుగా ఉండాలి. పరీక్ష పెట్టినట్టు అడక్కండి. వాడు చేసేదాన్నే చిన్న మాటల్లో చెప్పండి. ‘బంతి పడింది.’ అంతే. చెప్పి ఆగండి.”

“ఎంతసేపు?”

“రెండు ఊపిరులు నిదానంగా తీసి వదిలేంత.”

“రెండు ఊపిరులా!” అన్నాడు అల్లుడు. “అంతసేపట్లో నేను పది పెట్టెల టమాటా అమ్మేస్తానండీ.”

“అందుకే చెబుతున్నాను,” అంది ఆవిడ. “మూడు నెలలు ఇలా చేసి మళ్లీ తీసుకురండి. అప్పటికీ కదలకపోతే ఇంకా ఏం చూడాలో చూద్దాం.”

అడగందే అమ్మైనా పెట్టదంటారు. మా ఇంట్లో అడక్కముందే అందరం పెట్టేవాళ్లం. వాడి వేలు లేవగానే ఒకరు నీళ్లు, ఒకరు పాలు, ఒకరు బంతి పట్టుకుని పరుగు. వాడికి మాట అవసరం రానిచ్చిందెవరు?

ఆ రోజు నుంచి అల్లుడు పట్టుబట్టాడు. టీవీ కట్టేశాడు. మధ్యాహ్నం ఇంటికి రాగానే కాళ్లు కడుక్కుని నేల మీద కూర్చునేవాడు. మొదటి వారం చూడాలి అతని అవస్థ! పైకి నోరు మూసే ఉన్నాడు, కానీ పెదాలు మాత్రం కదులుతున్నాయి. దగ్గరికెళ్లి చెవి పెట్టాను. లోలోపల ‘ఒకటోసారి, రెండోసారి’ నడుస్తోంది. కుడిచెయ్యి కర్ర కోసం నేల తడుముకుంటోంది.

ఇక నా సంగతి. కాన్వెంటులో మాట్లాడినందుకు సిస్టర్లు నన్ను ఎన్నిసార్లు మోకాళ్ల మీద నిలబెట్టారో లెక్కలేదు. ఆ కసి ఇప్పటికీ తీర్చుకుంటున్నాను. పిల్లవాడు బొమ్మ ఏనుగు పట్టుకుంటే చాలు, “ఒరేయ్, మా చిన్నప్పుడు ఇలాంటి ఏనుగు ఒకటి మా క్లాసులోకొచ్చి నా పక్క బెంచీలో కూర్చుంది...” అని మొదలుపెట్టేవాణ్ణి.

“మామయ్యా!”

“ఏనుగు సంగతే కదయ్యా.”

“మీ ఏనుగును బయట కట్టేసి రండి. లేదంటే మీరూ దాంతోపాటు బయటే ఉండండి.”

ఆడపిల్లనిచ్చిన మామకు దక్కే మర్యాద అది. వరండాలోకి పోయి కుర్చీ వేసుకున్నాను. కిటికీలోంచి చూడొద్దని మాత్రం ఎవరూ అనలేదు.

పట్టుదల గలవాడితో వచ్చే చిక్కేమిటంటే, మంచిపనినైనా శ్రుతి మించి చేస్తాడు. ఒకరోజు బుడ్డోడు బిస్కెట్ డబ్బా చూపించాడు. అల్లుడు ఒక బిస్కెట్ తీసి, “బిస్కెట్,” అన్నాడు. ఆగాడు. రెండు ఊపిరులు అయ్యాయి. నాలుగయ్యాయి. బిస్కెట్ పైనే ఉంది. పిల్లవాడు ఎగిరాడు, మూలిగాడు, చివరకు నేల మీద పడి కాళ్లు కొట్టుకుంటూ ఏడ్చాడు. అల్లుడు మాత్రం చెమటలు కక్కుతూ కొండలా కూర్చున్నాడు. ఆ రోజు మా అమ్మాయికి వారపు సెలవు. వంటగదిలోంచి వచ్చి బిస్కెట్ లాక్కుని పిల్లవాడి చేతిలో పెట్టింది.

“డాక్టరమ్మ ఆగమంది కానీ, వాణ్ణి ఏడిపించమందా?”

“మాట రావాలి కదే!”

“మాటకూ వాడి ఆకలికీ ముడిపెట్టకండి. రెండు ఊపిరులు ఆగండి. రాకపోతే మీరే చెప్పి ఇచ్చేయండి. నోరు తెరిస్తే ఏడుపే గతి అని వాడికి నేర్పుతారా ఏం?”

అతను పిల్లవాణ్ణి ఒళ్లో కూర్చోబెట్టుకున్నాడు. తన వంతు బిస్కెట్ కూడా వాడికే ఇచ్చాడు.

నెల దాటింది. బుడ్డోడు ఇంకా ‘ఊఁ’ దగ్గరే ఉన్నాడు. అల్లుడు చిక్కిపోయాడు. “ఆగితే వస్తుందంటారు. నేను ఆగినప్పుడు వాడి లోపల ఏమైనా జరుగుతోందో, ఊరికే నా మొహం చూస్తున్నాడో ఎలా తెలుస్తుంది మామయ్యా?” అన్నాడు. నా దగ్గర కథలుంటాయి కానీ జవాబులుండవు.

జవాబు మార్కెట్లో దొరికింది. ఆ తెల్లవారుజామున నేనూ సంచీ పట్టుకుని అతనితో వెళ్లాను కాబట్టి కళ్లారా చూశాను. క్యారెట్ గుట్ట వేలం నడుస్తోంది. ‘ఒకటోసారి’ అన్నాడు, ‘రెండోసారి’ అన్నాడు, ఆ తర్వాత ఆగిపోయాడు. కావాలని కాదు. ఇంట్లో చేసి చేసి ఒంటికి పట్టేసింది. కర్ర గాలిలో ఉంది, నోరు మూసి ఉంది, ఊపిరి నడుస్తోంది. షెడ్డులో అంత నిశ్శబ్దం ఎన్నడూ లేదు. గోడ మీద కునికే పిల్లి కూడా ఉలిక్కిపడి లేచింది.

“మైకు పాడైందిరోయ్!” అని ఎవరో కేక వేశారు.

అప్పుడు వెనక వరుసలోంచి ఒక గొంతు ధర పెంచింది. తోపుడు బండి మీద కూరలమ్మే ముసలావిడ. ఏళ్ల తరబడి ఆవిడ ఆ మూలనే నిలబడుతుంది. చివరికి మిగిలిన నలిగిన సరుకు కొనుక్కుపోతుంది. ఆవిడకు వేలం పాట పాడటం రాదనే అక్కడ అందరూ అనుకునేవారు. మా అల్లుడు తేరుకుని మూడోసారి అన్నాడు. మంచి క్యారెట్ గుట్ట ఆవిడకు దక్కింది.

వేలం అయ్యాక అతను ఆవిడ దగ్గరికి వెళ్లాడు. “అవ్వా, ఇన్నాళ్లూ నువ్వెప్పుడూ పాడలేదేం?”

“ఎందుకు పాడలేదు నాయనా? రోజూ మనసులో పాడుతూనే ఉన్నా. ఎంతకు కొని ఎంతకు అమ్మాలో లెక్క చూసుకుని నోరు తెరిచేలోపు నీ కర్ర పడిపోతుంది. కాస్త ఆగావు కాబట్టి ఇవాళ బయటికొచ్చింది,” అంది ఆవిడ. “ఆగితే నీ సొమ్మేం పోయింది? క్యారెట్‌కు ఇంకో మాట ఎక్కువే వచ్చిందిగా!”

తిరిగి వచ్చేటప్పుడు ఇంటి మలుపు దగ్గర అతను, “మామయ్యా, వాడు లోపల లెక్క చూసుకుంటున్నాడు,” అన్నాడు. నాతో అన్నట్టు లేదు, తనకు తనే ప్రమాణం చేసుకున్నట్టుంది.

ఆ రోజు నుంచి అతను ఆగే తీరు మారింది. ఇదివరకు మాట ఎప్పుడొస్తుందా అని పిల్లవాడి నోటికేసే చూసేవాడు. ఇప్పుడు వాడి కళ్లకేసి చూసేవాడు. పెదాల మీద లెక్క ఆగిపోయింది. మగ్గుతో నీళ్లు పోయబోయి, “నీళ్లు,” అని తీరుబడిగా ఆగేవాడు. చొక్కాలు రెండూ మంచం మీద పరిచి తను పక్కకు జరిగేవాడు. ఒక్కోసారి వాడు జవాబివ్వకుండానే ఆడుకోవడానికి వెళ్లిపోయేవాడు. అయినా ఇతను కోప్పడేవాడు కాదు. మళ్లీ మర్నాడు అదే నేల, అదే కూర్చోవడం.

ఒక మధ్యాహ్నం పాల గ్లాసు ముందు ‘పా’ వచ్చింది. నేను వరండాలోంచి ఎగిరి గంతేయబోతే, అతను వెనక్కి తిరక్కుండానే చెయ్యెత్తి నన్ను ఆపాడు. “ఆఁ, పాలు,” అని మామూలుగా అనేసి గ్లాసు అందించాడు. పా కాదురా పాలు అని దిద్దలేదు. ఇంకోసారి అను, తాతకు వినిపించు అని వేధించలేదు. గ్లాసు ఖాళీ అయ్యాక స్నానాల గదిలోకి వెళ్లి తలుపేసుకున్నాడు. మొహం కడుక్కోవడానికే అన్నాడు. అంతసేపు కడిగితే మొహం అరిగిపోవాలి.

తర్వాత ‘బం’, ‘తాత’, ‘వద్దు’ వచ్చాయి. ‘వద్దు’ వచ్చాక ఇక మా ఇంట్లో ‘వద్దు’ తప్ప ఇంకో మాట వినపడలేదు. అయినా విడి మాటలు విడి మాటలే. రెండు కలిపి పలకడం లేదు. డాక్టరమ్మ దగ్గరికి మళ్లీ వెళ్లే రోజు దగ్గరపడింది.

ఆ వారంలోనే ఒక సాయంత్రం తండ్రీకొడుకులిద్దరూ కిటికీ దగ్గర స్టూలు వేసుకుని రోడ్డు చూస్తున్నారు. కింద ఒక లారీ ఆగిపోయి ఉంది. డ్రైవర్ ముందు మూత పైకెత్తి లోపలికి వంగి ఏదో విప్పుతున్నాడు. సరిగ్గా అప్పుడే బల్ల మీద ఫోన్ మోగింది. షెడ్డు యజమాని. ఆయన వేళ కాని వేళ ఫోన్ చేశాడంటే ఆలస్యంగా సరుకు దిగిందని, వెంటనే వచ్చి వేలం వేయమని అర్థం. అల్లుడు ఎన్నడూ కాదన్నది లేదు. చెయ్యి ఫోన్ వైపు వెళ్లింది.

“లారీ...” అన్నాడు బుడ్డోడు.

చెయ్యి మధ్యలో ఆగిపోయింది.

“లారీ...” అని మళ్లీ అన్నాడు. నుదురు ముడిపడింది. పిడికిలి బిగిసింది. మాట ఎక్కడో ఇరుక్కుంది. ఫోన్ మోగి మోగి ఆగి, మళ్లీ మొదలుపెట్టింది. ‘లారీ చెడిపోయింది’ అనే మాట నా నాలుక చివర ఉంది. చొక్కా కొస నోట్లో కుక్కుకున్నాను, నిజంగా. అల్లుడు ఫోన్‌కు వీపు పెట్టి, స్టూలు దిగి మోకాళ్ల మీద కూర్చుని, వాడి కళ్లల్లోకి చూస్తూ ఉండిపోయాడు. రెండు ఊపిరులు ఎప్పుడో అయిపోయాయి. వాడింకా వెతుక్కుంటున్నాడు. తండ్రి కదల్లేదు.

“లారీ... నోరు... తెరిచింది!”

మూత ఎత్తిన ఆ లారీని చూసి ఆ మాట నాకు తట్టేది కాదు. డెబ్బై ఏళ్లుగా కోతలు కోస్తున్నవాణ్ణి, నాకే తట్టేది కాదు.

“అవును, నోరు తెరిచింది,” అన్నాడు అల్లుడు. మూడోసారి మోగుతున్న ఫోన్ అప్పుడు తీశాడు.

అవతల యజమాని గొంతు గదంతా వినపడింది. “ఏమయ్యా, ఫోన్ ఎత్తవేం? బండెడు టమాటా దిగి మెత్తబడుతోంది!”

“మావాడు మాట్లాడుతున్నాడండీ.”

“మీవాడికి మాటలు రావన్నావుగా?”

“అందుకే ఎత్తలేదండీ. ఈ పూటకు ఇంకెవరితోనైనా వేయించండి. సాయంత్రాలు ఇకమీదట నాకు కుదరదు.”

యజమాని ఇంకా ఏదో అంటున్నాడు. అల్లుడు మర్యాదగా ‘ఉంటానండీ’ అని చెప్పి పెట్టేశాడు. వచ్చి మళ్లీ నేల మీద కూర్చున్నాడు. బుడ్డోడు కిటికీకి మొహం ఆనించి, అప్పటికే తర్వాతి మాట కోసం నుదురు ముడివేస్తున్నాడు.