స్పీకరు మీద ఆవాలు

నా చిన్నప్పుడు మా ఇంట్లో పాటల పళ్లేల మీద ఒక పంచాయితీ వారం రోజులు నడిచింది. అప్పట్లో ఊరంతా సాఫ్ట్‌వేర్ మాటే. మా చిన్నాన్నకూ ఆ ఉద్యోగమే దొరికింది. మేము అల్వాల్‌లోని పాత ఇల్లు వదిలి నేరేడ్‌మెట్‌లో ఆయన కొన్న ఫ్లాటుకు మారబోతున్నాం. ఫ్లాటులో చోటు తక్కువ. మా తాతయ్య దగ్గర రెండు ట్రంకుపెట్టెల నిండా గ్రామఫోను రికార్డులు ఉన్నాయి. అవి ఎక్కడ పెట్టాలన్నదే తగువు.

మోండా మార్కెట్ దగ్గర రేడియోలు బాగుచేసే కొట్టులో ముప్పై ఏళ్లు పనిచేసిన మనిషి మా తాతయ్య. జీతంలో మిగుల్చుకుని ఒక్కొక్కటే కొన్న రికార్డులవి. మెత్తటి గుడ్డతో తుడవకుండా ఏ రికార్డునూ లోపల పెట్టేవాడు కాదు. ఇంట్లో ఎవరినీ వాటిని ముట్టనిచ్చేవాడు కాదు, నన్ను తప్ప. ఆ గర్వం నాకు బాగా ఉండేది.

కంపెనీ పని మీద విదేశం వెళ్లొచ్చిన చిన్నాన్న ఒక కొత్త రికార్డు తెచ్చాడు. తాతయ్య దగ్గరున్న వీణ కచేరీయే అది. పాత టేపును శుభ్రం చేసి, రీమాస్టర్ చేసి, అంటే ధ్వనిని కొత్తగా సరిదిద్ది, మళ్లీ అచ్చువేశారట. ఇక అన్నీ ఇట్లాగే కొత్తగా వస్తాయి, పాతవి పాతసామాన్లు కొనే కబాడీకి ఇచ్చేద్దాం అన్నాడు. తాతయ్య కోప్పడలేదు. ముందు విని చూద్దాం, కొత్తది నిజంగా బాగుంటే పెట్టెలు నేనే ఇచ్చేస్తా అన్నాడు.

ఆదివారం పొద్దున అందరం గోడవైపు తిరిగి కూర్చున్నాం. ఆ ఒక్కరోజుకు తాతయ్య ఒప్పుకోబట్టి వెనుక చిన్నమ్మ రెండు రికార్డులూ ఒకదాని తర్వాత ఒకటి వేసింది. మొదటిది నచ్చినవాళ్లు, రెండోది నచ్చినవాళ్లు విడివిడిగా చేతులెత్తాలి. తాతయ్య పక్షాన ఉంటానని ముందురోజే మాటిచ్చాను. కానీ రెండోది వినగానే నా చెయ్యి దానంతటదే లేచింది. పక్కకు చూస్తే అందరి చేతులూ పైనే ఉన్నాయి. తాతయ్య చెయ్యి కూడా. తిరిగి చూస్తే రెండోది కొత్త రికార్డు.

ఆ రోజు తాతయ్య అన్నం సరిగా తినలేదు. మాట తప్పినందుకు నేనూ కంచం ముందు నుంచి లేచిపోయాను. రెండు రోజులు ఆయన రెండు రికార్డులూ మార్చి మార్చి వేస్తూ స్పీకరు ముందే కూర్చున్నాడు. ఓడిపోయిన బాధ కన్నా, తన చెవులు అట్లా ఎందుకు చెప్పాయన్న ఆరాటమే ఆయన్ను తినేస్తోందని ఇప్పుడు అర్థమవుతుంది.

బుధవారం నేను బడి నుంచి వచ్చేసరికి స్పీకరు పెట్టెను వెల్లకిలా పడుకోబెట్టి, దాని మీద కాగితం పరిచి ఉంచాడు. పోపుడబ్బాలోంచి గుప్పెడు ఆవాలు తెమ్మన్నాడు. వాటిని కాగితం మీద చల్లి పాత రికార్డు వేశాడు. వీణ మోగుతుంటే ఆవాలు కొంచెం కొంచెం కదిలాయి. యాంప్లిఫయరు మీద శబ్దం పెంచే బొత్తం ముట్టకుండా కొత్తది వేశాడు. కచేరీలో అదే చోట ఆవాలు ఎగిరి నా ఒళ్లో పడ్డాయి.

"గట్టిగ మోగేది మంచిగున్నట్టె అనిపిస్తది బిడ్డా," అన్నాడు తాతయ్య. "గదే మనల్ని బోల్తా కొట్టించింది. రెంటినీ ఒక్క తీర్గ జేసి జెర మల్ల విందాం."

కొత్త రికార్డుకు బొత్తం కాస్త తగ్గించి, ఆవాలు రెంటికీ ఒకేలా ఎగిరేదాకా సరిచేశాడు. చిన్నమ్మ గోళ్లరంగుతో బొత్తం పక్కన రెండు చుక్కలు పెట్టాడు. పాతదానికొకటి, కొత్తదానికొకటి. తర్వాత ఇద్దరం కళ్లు మూసుకుని విన్నాం. తేడా ఉంది, కానీ మేము అనుకున్న చోట లేదు. కొత్తదాంట్లో వెనక తంబుర విడిగా, స్పష్టంగా వినిపించింది. పాతదాంట్లో వేలు తీగ మీద జారే గరుకు వినిపించింది. తంబుర కొత్తదాంట్లోనే బాగుందని తాతయ్య ఏ మాత్రం మొహమాటం లేకుండా ఒప్పుకున్నాడు.

మళ్లీ ఆదివారం, మళ్లీ గోడ. ఈసారి వెనుక నిలబడి, చుక్కల ప్రకారం బొత్తం తిప్పుతూ రికార్డులు మార్చింది తాతయ్య. చేతులు సగం ఇటు, సగం అటు లేచాయి. చిన్నాన్న మాత్రం ధీమాగా, "రెండోదే కొత్తది. ఎంత క్లియర్‌గ ఉందో సూడుండ్రి," అన్నాడు.

తిరిగి చూస్తే తిరుగుతున్నది పాత రికార్డు. చిన్నమ్మ కొంగు నోటికి అడ్డం పెట్టుకుని నవ్వింది. చిన్నాన్న ఆ రికార్డు దగ్గరికి వెళ్లి వంగి చూశాడు. ఇల్లు మారిన రోజు రెండు ట్రంకుపెట్టెలూ తనే మోసి ఆటోలో పెట్టాడు. కొత్త రికార్డు కూడా వాటిలోనే చేరింది.

తాతయ్య పోయాక ఆ యాంప్లిఫయరు నా దగ్గరికి వచ్చింది. గట్టిగా మాట్లాడేవాళ్ల మాటకు తల ఊపబోయిన ప్రతిసారీ నాకు ఆ ఆవాలు గుర్తొస్తాయి. తన పెట్టెలు పోవచ్చని తెలిసీ నిజాయితీగా చెయ్యెత్తిన ఆయన ఇంకా ఎక్కువగా గుర్తొస్తాడు. ఆ ధైర్యం నాకు ఇంకా పూర్తిగా రాలేదు. మొన్న దుమ్ము తుడుస్తూ బొత్తం పక్కన ఆ రెండు ఎర్ర చుక్కలను చూశాను. వాటి మధ్య దూరం ఆవగింజంత.