వంద గీతల్లో మా అన్నకొచ్చినది

ఇప్పటికీ జనవరి ఒకటో తారీఖున చర్చిలో తలా ఒక బైబిల్ వాక్యం పంచే వాగ్దాన కార్డుల పళ్ళెం నా ముందుకొస్తే ఒళ్ళు మండుతుంది. కార్డు తీసుకోకుండా పళ్ళేన్ని పక్కవాళ్ళకు జరిపేస్తాను. నా కోపం దేవుడి మీద కాదు. మా అన్న మీద. అంతకంటే ఎక్కువ నా మీద.

ఎనభైల నడుమ నేను నంద్యాలలో ఒక కాలేజీలో లెక్కలు చెప్పేదాన్ని. అప్పుడే కాలేజీకి ఒక కంప్యూటర్ వచ్చింది. దానికి తెల్లగుడ్డ కప్పి, చెప్పులు బయట విప్పించి, పిల్లల్ని కిటికీలోంచి మాత్రం చూడనిచ్చేవాళ్ళు. దానితో ఏం చెయ్యాలో అక్కడ ఎవరికీ తెలియదు. నాకు కొంచెం తెలుసు. ఆ కొంచెమే కొంప ముంచింది.

ఒక పత్రికలో వడ్డీ రేట్ల గురించి వ్యాసం చదివాను. సంగతి తేలికైనదే. వడ్డీకి ఒక మామూలు మట్టం ఉంటుంది. గుంజకు కట్టిన గొడ్డు ఎటు పోయినా తాడు వెనక్కి లాగినట్టు, వడ్డీ ఎంత పెరిగినా తగ్గినా ఆ మట్టం వైపే లాగుతుంది. ఆ లాగుడు కాక నెలనెలా పైకో కిందికో ఒక గుడ్డి తోపుడు. ఆ తోపుడు ఎంతో కంప్యూటర్ పాచిక వేసి తేలుస్తుంది. ఈ నెల వడ్డీ ఎంతో చెబితే రాబోయే పన్నెండు నెలల గీత గీసిస్తుంది. మళ్ళీ అడిగితే ఇంకో గీత. అలా వంద గీయించి అన్నీ కలిపి చూస్తే, ఏది జరిగే అవకాశం ఎక్కువో తెలుస్తుంది. ఒక్కదాన్ని పట్టుకుని చూస్తే ఏమీ తెలియదు.

ఆ లెక్కను కంప్యూటర్‌కు ప్రోగ్రాంగా నేను రాసింది మా అన్న కోసమే. అన్నకు ఆళ్లగడ్డ దగ్గర రెండెకరాల నిమ్మతోట ఉండేది. ఐదేళ్ళు బిడ్డల్ని సాకినట్టు సాకాడు. తొలి కాపు అప్పుడే మొదలైంది. బావిలో నీళ్ళు అడుగంటుతున్నాయి, ఎండలు ముదిరేలోగా లోతు తీయించకపోతే చెట్లు బతకవు. ఆళ్లగడ్డలో ఒక వేరుశనక్కాయల వ్యాపారి, దానికి కావలసిన అప్పు నూటికి నెలకు రెండు రూపాయల వడ్డీకి ఇస్తానన్నాడు. జనవరిలో తీసుకుంటే తీరేదాకా అదే వడ్డీ, తర్వాత వస్తే ఆ రోజు ధర. తీసుకోవాలా ఆగాలా అని అన్న నన్ను అడిగాడు.

కాగితానికి ఒక గీత చొప్పున, చుక్కలతో వంద కాగితాలు అచ్చు వేయించాను. మూడింటిలో వడ్డీ సున్నా కిందికి పోయింది. అంటే అప్పిచ్చినవాడే మనకు ఎదురు వడ్డీ కట్టాలన్నమాట! ఆళ్లగడ్డలో అంతటి ధర్మాత్ముడు ఎక్కడున్నాడు? వాటిని చించేసి, వేరే మూడు వేయించి బస్సెక్కాను.

కొత్త సంవత్సరం ఉదయం ఆరాధన ముగించుకుని ఇంటికొచ్చాక కట్ట విప్పాను.

"ఇన్ని గీతలేందిమ్మే? యాది నిజం?" అన్నాడు అన్న.

"ఏదీ నిజం కాదన్నా. అన్నీ కలిపి చూడాల. వందలో పదో పన్నెండో తప్ప కిందికి దిగేవి ల్యావు. ఇప్పుడే తీసుకో."

"సరేలే," అన్నాడు. వదినకు సాయం చేద్దామని నేను వంటింట్లోకి పోయాను.

గంట ముందే చర్చిలో పళ్ళెంలోంచి కార్డు తీసి, అందులోని వాక్యం ఈ ఏడాదికి దేవుడు తనకిచ్చిన మాట అని కళ్ళకద్దుకున్న మనిషి ఆయన. చిన్నప్పటినుంచీ మా ఇంట్లో అందరిదీ అదే అలవాటు. ఆ చేత్తోనే, కళ్ళు మూసుకుని ప్రార్థన చేసి, నా కట్టలోంచి ఒక కాగితం లాగాడు. వడ్డీ ఏప్రిల్‌కల్లా రూపాయికి దిగే కాగితం. దాన్ని మడిచి బైబిల్లో పెట్టుకున్నాడు. ఈ సంగతి నాకు మే నెలలో తెలిసింది.

సెలవులకు పోయేసరికి తోటలో ఆకు లేదు. వడ్డీ ఫిబ్రవరిలో రెండున్నర, ఏప్రిల్‌లో నాలుగు. అన్న మాత్రం ఇదిగో దిగుతుంది, అదిగో దిగుతుంది అని కూర్చున్నాడు. వదిన ఊరి చేతిపంపు నుంచి బిందెలతో మోసి పోసిన ముందు వరుస ఒక్కటే పచ్చగా ఉంది.

"యాడికి పోయింది నీ బుద్ధి? తీసుకోమని చెప్తినా లేదా?" అని అరిచాను. ఊరంతా విన్నా లెక్కచెయ్యలేదు.

అన్న బైబిల్ తెచ్చి కాగితం తీశాడు. "నాకొచ్చిన గీత ఇది. నీ మిషన్ ఇచ్చిందే కదా. అబద్ధమా ఇది?"

"అబద్ధం కాదు. వందలో ఒకటి! వాగ్దానం కాదన్నా, పాచిక!"

"మరి నాకెందుకొచ్చె?"

నా మీద నాకు అసహ్యం వేసింది. వంద గీతలూ ఒకే కాగితం మీద వేసి ఉంటే ఆయన చెయ్యి దేన్ని లాగేది? అది నాకు ఒక పూట పని. బస్సులో అందరూ చూసి గొప్పనుకోవాలని, కట్ట లావుగా ఉండాలని అలా వెయ్యలేదు.

ఆ కోపంలో అటక మీది కట్ట దించి, ఒక్కొక్క కాగితమే అన్న ముందు నేలమీదికి విసిరాను. చేతులు కాలాక ఆకులు పట్టుకోవడమని తెలిసే విసిరాను. సగం కట్ట అయ్యాక చెయ్యి ఆగిపోయింది. ఫిబ్రవరికి రెండున్నర, ఏప్రిల్‌కు నాలుగు. జరిగింది జరిగినట్టే ఉంది ఆ కాగితంలో.

అన్న వంగి చూశాడు.

"ఇది ఎవురికొచ్చిందిమ్మే?"

"నాకు," అంది వదిన గుమ్మంలోంచి. చేతిపంపు దగ్గరికి బయల్దేరినట్టుంది, చంకలో ఖాళీ బిందె ఉంది.