వేలు సందు

మా మావయ్య చేసిన తలుపు తెరిస్తే గాలి కూడా కాళ్ళు తుడుచుకుని లోపలికి వచ్చేది. ఈ మాట నేను చాలా చోట్ల చెప్పాను, ఎవరూ నమ్మలేదు. ఇప్పుడు చెప్పేది మాత్రం నమ్మాలి. ఆ పొద్దున నేను అక్కడే ఉన్నాను, తెరిచిన నోరు భోజనం దాకా మూయలేదు.

మావయ్య వడ్రంగి. ఏ తలుపు చేసినా అడుగున, గడపకు పైన, తన చిటికెన వేలు దూరేంత సందు వదలడం ఆయన పద్ధతి. వానకు చెక్క ఉబ్బుతుంది, సందు లేకపోతే తలుపు బిగుసుకుంటుంది అంటాడు. ఆ సందులోంచి బల్లులొస్తున్నాయని ఎండాకాలమంతా జనం తిట్టేవారు. వానాకాలంలో వాళ్ళే వచ్చి దండం పెట్టేవారు.

ముప్పై ఏళ్ళ కిందట ఆయన ఓ కాలేజీలో కంప్యూటర్ గది బల్లలు బాగు చేయడానికి వెళ్ళాడు. తర్వాత నేను రెండో ఏడాదిలో వదిలేసిన కాలేజీ అదే. దానికి నా లోటు ఇప్పటికీ తీరలేదు. అక్కడ నల్లటి తెర మీద పచ్చటి అక్షరాలు. బొమ్మ లేదు, రంగు లేదు. మీరొక గదిలో ఉన్నారు, తూర్పున తలుపుంది అని రాసి ఉంటే, ఎక్కడెక్కడి మనుషులో టైపు కొట్టుకుంటూ ఆ గదిలో తిరుగుతున్నారట. ఇప్పుడు కళ్ళు జిగేల్మనిపించే ఈ ఆన్‌లైన్ లోకాలన్నీ అలా ఉత్త మాటలతోనే మొదలయ్యాయి. మావయ్య అదంతా చదివించుకుని విని ఒకటే ప్రశ్న వేశాడు.

"ఏ చెక్క?"

తలుపని రాసినవాడికే ఆ సంగతి తెలియదు. మావయ్యకు ముల్లు గుచ్చుకున్నట్టయింది. బల్లలు పక్కన పెట్టి అక్కడి గుమాస్తా చేత రాయించాడు: టేకు తలుపు, ఇత్తడి గడియ, అడుగున వేలు సందు. సాయంత్రానికల్లా జనం వరస కట్టి ఆ తలుపును తెరిచి మూసి, తెరిచి మూసి, బందులు అరగదీశారని గుమాస్తా చెప్పాడు. మాటలతో చేసిన బందులు ఎలా అరుగుతాయని నన్నడక్కండి.

తర్వాత ఆ లోకాలకు బొమ్మలొచ్చాయి. ముందు అగ్గిపెట్టెల్లాంటి మనుషులు, ఆపైన నడిచేవాళ్ళు, ఎగిరేవాళ్ళు, ఇళ్ళు కట్టుకుని పొరుగువాళ్ళతో పోట్లాడుకునేవాళ్ళు. ఇటు బయటేమో అల్యూమినియం తలుపులొచ్చాయి. మావయ్య దుకాణం మూతపడింది. ఆయన చేసిన తలుపులు ఒక్కొక్కటే ఊడి పాతసామాన్ల కొట్టుకు చేరాయి. ఆయన మకాం కంప్యూటర్ లోపలి లోకానికి మార్చేశాడు. పదకొండేళ్ళలో అక్కడ నాలుగు వందల పన్నెండు తలుపులు చేశాడు, అన్నీ వేలు సందుతోనే.

వాన రాని చోట సందెందుకని నేనోసారి అడిగాను.

"వాన నిన్నడిగి వస్తుందిట్రా?" అన్నాడు.

ఆయన పక్క బల్ల మీద అత్త కుట్టుమిషను. పిల్లల ఫ్రాకులు, యూనిఫారాలు కుడుతుంది. మావయ్యవి గాలి తలుపులని ఆవిడ వెక్కిరింపు. ఇంట్లో బాత్రూం తలుపుకు గడియ లేదని, లోపలున్నవాళ్ళు పాట ఎత్తుకోవాల్సి వస్తోందని దెప్పేది. అది నిజమే. ఆ మాటకొస్తే, ఆ లోకంలో ఆయన దుకాణానికే తలుపు లేదు, ఓ పరదా వేలాడదీశాడు.

ఇలా ఉండగా ఆ లోకం నడిపే కంపెనీ నుంచి ఉత్తరం వచ్చింది. పాత లోకం మూసేస్తున్నారు. దాని బదులు, కళ్ళకు హెడ్‌సెట్ పెట్టుకుంటే చుట్టూ లేచి నిలబడే కొత్త లోకం వస్తోంది. లోపం లేని వస్తువులే అందులోకి చేరతాయి. మీ తలుపులేవీ గడపను తగలడం లేదు, అది లోపం, నెలలోగా సరిచేయకపోతే పాత లోకంతోపాటే పోతాయని రాశారు.

మావయ్య ఫోన్ చేశాడు. అవతలి అమ్మాయి ఎంతో మర్యాదగా, అక్కడ వాన ఉండదు సార్ అంది. సందు పూడ్చనన్నాడు. ఆయన పట్టిన కుందేటికి మూడే కాళ్ళు. నేను బతిమాలాను, అత్త బతిమాలింది. బయట ఒక్క తలుపూ మిగల్లేదు, ఇవీ పోతే బతుకంతా ఏం చేశావని అడిగినవాడికి చూపించడానికి ఉత్త చిటికెన వేలే మిగులుతుంది. పోతే నా తలుపులు నా తలుపుల్లాగే పోతాయన్నాడు. తిండి తగ్గించాడు. గడువు గడిచిపోయింది.

కొత్త లోకం తెరిచిన పొద్దున, ఓ స్నేహితుడి హెడ్‌సెట్ లాక్కొచ్చి ఆయన కళ్ళకు నేనే కట్టాను. ఆయన చూసేది మాకు కంప్యూటర్ తెర మీద కనిపిస్తోంది. ఓ వీధి మలుపు తిరిగి ఆగిపోయాడు. ఎదురుగా ఆయన టేకు తలుపు. పక్కన రెండోది. వీధి పొడుగునా ఆయనవే. మావయ్య చెయ్యి చాపి గడియ తడిమాడు. నాకు నోట మాట రాలేదు, అదెంత అరుదో నన్నెరిగినవాళ్ళకు తెలుసు.

అప్పుడు వాన మొదలైంది.

ప్రారంభం రోజు కానుకగా కంపెనీలోనే ఇంకో విభాగంవాళ్ళు గుట్టుగా తయారుచేసిన వానట. నీళ్ళు పీల్చి ఉబ్బే చెక్కతో సహా. ఫోన్ అమ్మాయికి కూడా చెప్పలేదు. ముందు జనం చప్పట్లు కొట్టారు. పది నిమిషాలకు ఊరంతా తలుపులు బిగుసుకున్నాయి. లోపలివాళ్ళు బాదడం మొదలెట్టారు. హెడ్‌సెట్ తీస్తే సరిపోదా అంటారేమో. తీశారు. మళ్ళీ పెట్టుకుంటే అదే గది.

నావి బిగుసుకోవులే అంటూ మావయ్య వంగి, గడప దగ్గర చిటికెన వేలు చాపాడు. వేలు దూరలేదు. మా గది మధ్యలో, కళ్ళకు పెట్టెతో, వేలు చాపినవాడు చాపినట్టే కొయ్యబారిపోయాడు.

"ఎవరో దించారు. నా తలుపుల్ని ఎవరో కిందికి దించారు."

కుట్టుమిషను ఆగింది.

"నేనే," అంది అత్త.

మావయ్య హెడ్‌సెట్ ఊడబెరికాడు. ఆయన మధ్యాహ్నం కునుకు తీసే గంటలో, రోజుకు పాతిక చొప్పున, ఫ్రాకు అంచు దించినట్టు ఒక్కో తలుపునూ వేలెడు దించిందట. పాస్‌వర్డ్ ఆయనే వడ్రంగి పెన్సిలుతో గోడ మీద రాసుకున్నాడు.

"నీకు మౌసు పట్టడం ఎప్పుడొచ్చింది?"

"పదకొండేళ్ళు పక్కన కూర్చున్నానండీ. మిమ్మల్ని చూడక గోడను చూశానా?"

ఆయన కుర్చీలో కూలబడ్డాడు. బాదుడు ఇంకా వినిపిస్తూనే ఉంది. మళ్ళీ అన్నీ చిత్రిక పట్టాలంటే ఏడాది పడుతుంది, ఈలోగా తన పేరు చెప్పి జనం ఉమ్మేస్తారన్నాడు. అత్త దారం తెంపింది.

"మిగులు గుడ్డ కత్తిరించి పారేసే దర్జీ ఉంటుందా? పిల్లలు ఎదుగుతారు, లోపలికి మడిచి ఉంచుతాం. దించేముందు అన్నిటికీ నకళ్ళు తీశాను, సందున్న మీ పాతవన్నీ ఆ లోకంలో మీ దుకాణం అటక మీదున్నాయి."

లోపం ఉన్నవాటిని కొత్త లోకంలోకి ఎలా రానిచ్చారని నేను నోరు వెళ్ళబెట్టాను. బిగించని తలుపుకు గడపే లేదు, తగల్లేదని ఎవడంటాడు అంది అత్త.

మావయ్య మళ్ళీ హెడ్‌సెట్ తగిలించుకుని దుకాణానికి పరుగెత్తాడు. పరదా తడిసింది గాని తెరుచుకుంది. అటక మీద నాలుగు వందల పన్నెండు తలుపులు. ప్రతిదానికీ, కుట్టిన బట్టలకు కట్టినట్టే, ఓ చీటీ: ఎవరి ఇల్లు, ఎంత పొడవు, ఎంత వెడల్పు. ఆయన ఒక చీటీ పట్టుకుని అటూ ఇటూ తిప్పి చూశాడు. హెడ్‌సెట్ కిందనుంచి బుగ్గ మీదికి ఏదో జారింది. చెమటనుకున్నాను, ఫ్యాను తిరుగుతూనే ఉంది.

ఇక అత్త తెర మీద చీటీలు చదువుతుంటే ఆయన తలుపులు మార్చుకుంటూ పోయాడు. వానలో తెరుచుకున్నవి ఆయనవే. నలభయ్యోది మారుస్తుండగా ఫోన్ మోగింది. ఆ మర్యాద అమ్మాయే. ఊళ్ళో మిగతా తలుపులకు కూడా పెట్టాలి, ఆ సందు కొలత ఎంత సార్ అని అడిగింది.

మావయ్య తన చిటికెన వేలు చూసుకున్నాడు. ఫోన్ అత్తకు అందించాడు.

"ఆవిణ్ణడగండి. కొలతలన్నీ ఆవిడ దగ్గరే ఉన్నాయి."

అత్త మెడలోంచి టేపు తీసి ఆయన వేలు పట్టుకుంది. మర్నాడు ఆయన బాత్రూం తలుపుకు గడియ పెట్టాడని కూడా చెబుదామనుకున్నాను గాని, అబద్ధానికైనా ఓ హద్దుండాలి.